ఆముదం బావి

మార్కాపురం తాలూకాలో నారికురుపును తరిమికొట్టింది ఎవరయ్యా అంటే, నేనే. ఈ మాట పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, రైల్లో చెప్పాను, మంగలి దుకాణం ముందు బల్ల మీద కూర్చుని చాలాసార్లు చెప్పాను. వినేవాళ్ళు కుర్రవాళ్ళైతే ఇంకాస్త పెంచి, పుల్లలచెరువు దారిలో పులి ఎదురొస్తే సైకిలు దిగకుండా గంట కొట్టి పక్కకు తప్పుకోమన్నానని కూడా కలిపాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం తగ్గించుకోవాలి. తరిమింది నేనొక్కడినే కాదు. నిజానికి నేను ఉద్యోగం దిగేనాటికి కూడా అది పూర్తిగా పోలేదు. పులి సంగతంటారా, అది దున్నపోతు. గంట కొట్టిన మాట నిజమే. తప్పుకున్నది నేను.

ఎంత తగ్గించినా తరగని ముక్క ఒకటి మిగిలింది. ఆరోగ్యశాఖలో కొత్తగా చేరే పిల్లలు చదువుతారని అది రాస్తున్నాను. ఒక నిజాన్ని పక్కకు జరిపి ఇంకో నిజం వచ్చి కూర్చోవడం నేను దగ్గరుండి చూశాను. పుస్తకాల్లో ఇది చాలా తేలిక. పూర్వం ఇలా అనుకునేవారు, తరువాత అలా కాదని తేలింది అని రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. మొదటి వాక్యాన్ని పట్టుకుని బతికిన మనిషి ఒకడుంటాడు కదా, రెండో వాక్యం వచ్చిన రోజున వాడు ఎక్కడ నిలబడ్డాడు, అన్నం తిన్నాడా లేదా అని ఎవరూ రాయరు. నేను చూసిన ఆ మనిషి మా శానిటరీ ఇన్స్పెక్టరు.

అప్పుడు మా ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. పైన మద్రాసు ప్రభుత్వం. నేను హెల్త్ అసిస్టెంటును. అంటే కలరా వస్తే బావుల్లో మందు కలపాలి. తిరునాళ్ళలో మిఠాయి అంగళ్ళ దగ్గర ఈగల కోసం పోట్లాడాలి. టీకాల వాళ్ళ వెంట తిరిగి, గాదెల్లో దాక్కున్న పిల్లల్ని బయటికి లాగాలి. ఆయన నా పైఅధికారి. పొడుగు మనిషి. సైకిలు కడ్డీకి గొడుగు, హాండిలుకు సజ్జరొట్టెల మూట. ఆ మూటలో సగం నాదని మొదటి వారంలోనే తేల్చేశాడు. అందుకే ఆఫీసులో ఆయన నాకు సారు, ఊరు దాటి బాట పట్టామంటే పెదనాయన.

ఈ కాలం పిల్లలకు నారికురుపు తెలియదు. తెలియకపోవడమే మా కష్టానికి కూలి. మెట్లు దిగి నీళ్ళు ముంచుకునే దిగుడుబావులున్న ప్రతి ఊళ్ళోనూ ఉండేది. కాలి మీద బొబ్బ లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది, పగులుతుంది. అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త కాస్తగా లాగాలి. తొందరపడి లాగితే తెగి లోపలికి పోతుంది, కాలు దిమ్మెలా వాస్తుంది. కోతల కాలంలో మనిషి నులకమంచానికి అతుక్కుపోతే ఆ ఇంట్లో ఆ ఏడు ఏం తింటారో మీరే ఊహించుకోండి.

పెదనాయనకు చిన్నప్పుడే అది వచ్చింది. చీలమండల మీద బొట్టుబిళ్ళలంత మచ్చలుండేవి. కాబట్టి ఆ పురుగంటే ఆయనకు ఉద్యోగం కాదు, సొంత పగ. అది మనిషిలోకి ఎలా చేరుతుందన్న దాని మీద ఆయనకు అనుమానమే లేదు.

"ఏ వాకిట్లో నుంచి వచ్చినోడు ఆ వాకిట్లో నుంచే పోతాడు అబ్బీ," అనేవాడు. "కాలులోంచి బయటికి వస్తాది. అంటే కాలులోంచే లోపలికి పోయినట్ల. బావిలో కాలు పెట్టినప్పుడు దూరతాది."

ఇది ఆయన సొంత పైత్యం అనుకోకండి. ఆయన చదువుకున్న రోజుల పాత పుస్తకాల్లోనూ అదే ఉండేది. పెద్ద పెద్ద దొరలే ఒకప్పుడు అదే నమ్మారు. నేనూ నమ్మాను. మీరైనా నమ్మేవాళ్ళే. పైగా లోపల చేరిన పురుగు బయటపడటానికి ఏడాది పడుతుంది. నిరుడు చేసిన పనికి ఈ ఏడు కాలు పగిలితే, ఆ పని ఏదో ఎవడు గుర్తుపెట్టుకుంటాడు?

బావిలోకి దిగేటప్పుడు చెప్పులు వేసుకోమని ఆయన మొదట చెప్పి చూశాడట. తాగే నీళ్ళలోకి చెప్పులతోనా అని ఆడవాళ్ళు కడవలు దించి మరీ తిట్టారట. అప్పుడు ఆయనకు ఆముదం తట్టింది. ఆముదం రాసిన కాలికి నీళ్ళు అంటవు కదా, పురుగూ జారిపోతుందని. మా వైపు మెట్టచేలల్లో ఆముదానికి కొరత లేదు.

పుల్లలచెరువు వెళ్ళే బాటలో ఒక కిరస్తానీ పాలెం ఉంది. అక్కడ కూలీనాలీ చేసుకునే కుటుంబాలకు విడిగా ఒక దిగుడుబావి. ఆయన తన ఆముదాన్ని అక్కడ మొదలుపెట్టాడు. గట్టు మీద గూట్లో ఒక ఆముదం ముంత, అందులో పాతగుడ్డ. దిగేవాళ్ళంతా మోకాళ్ళ దాకా రాసుకుని దిగాలి. దీనికి కాపలాగా ఆ పాలెంలోని ఒక అవ్వను పెట్టాడు. ఆమె మాటంటే మగవాళ్ళకు కూడా హడలు. అధికారం కనబడాలని తన పాత ఖాకీ కోటు ఒకటి ఆమెకిచ్చాడు. ఇత్తడి బొత్తాములు, నాలుగు జేబులు. నడివేసవిలో కూడా అవ్వ దాన్ని విప్పేది కాదు. జేబుల్లో ఆకూవక్కా ఉండేవి.

మరి ఫలించిందా అంటే, ఫలించింది. నేను పెంచి చెప్పడం లేదు. రెండు మూడు వేసవులు తిరిగేసరికి పాలెంలో నారికురుపు బాగా పలచబడింది. అదే బాటలో కాస్త ఎగువనున్న పెద్ద ఊళ్ళో, ఆముదం వద్దన్న రైతుల బావి దగ్గర, ఎప్పటిలాగే మంచాల నిండా మనుషులు. పెదనాయన ఇదంతా రాసి పైకి పంపాడు. పంపాడు, పంపాడు, చాలా కాలం పలికిన నాథుడు లేడు.

ఈలోగా నన్ను శిక్షణకు మద్రాసు పంపారు. అక్కడ మొదటి తరగతిలో ప్యాసై వచ్చానని మా ఇంట్లో ఇప్పటికీ నమ్ముతారు. గట్టెక్కాను, అంతే. ఆ గట్టు కూడా ఎందుకు జారబోయిందంటే, నోటి పరీక్షలో నారికురుపు పురుగు మనిషిలోకి ఎలా వస్తుందని అడిగారు. నాకు ఇంతకన్నా తెలిసిన ప్రశ్న ప్రపంచంలో లేదు. "పాదాల ద్వారా సార్! మా తాలూకాలో ఆముదంతో ఆపుతున్నాం," అన్నాను ఛాతీ విరిచి. పక్కన నిలబడ్డవాళ్ళు నవ్వారు. మా అయ్యవారు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆయన ఓపికగా చెప్పాడు. పురుగు లోపలికి పోయేది కాలిలోంచి కాదు, నోట్లోంచి. బొబ్బ పగిలినవాడు మంటకు తాళలేక కాలు నీళ్ళలో పెడతాడు. అప్పుడు పురుగు తన పిల్లల్ని నీళ్ళలోకి వదులుతుంది. నీళ్ళలో నలుసంత తెల్లటి ప్రాణి ఒకటి ఎగురుతూ ఉంటుంది, అది ఆ పిల్లల్ని మింగుతుంది. ఆ నీళ్ళు తాగినవాడు నలుసును మింగుతాడు. ఇది తేలి అప్పటికే చాలా ఏళ్ళైందట. మద్రాసులో తేలిన సంగతి మార్కాపురం చేరాలంటే దానికీ రైలు దొరకాలి కదా.

నేను తిరిగొచ్చేసరికి పెదనాయన పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఆముదం బావిని స్వయంగా చూడటానికి జిల్లా ఆరోగ్యాధికారి క్యాంపు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన సర్వీసంతటిలో ఒక పైఅధికారి ఆయన పని చూడటానికంటూ రావడం అదే మొదలు. ఉద్యోగ విరమణ దగ్గర పడింది. తలపాగాకు గంజి పెట్టించాడు. ఆ రోజు తనకు పొగడ్త దక్కుతుందని పెద్దమ్మతో చెప్పుకున్నాడు. నేను వాళ్ళింటికి పోతే ఆమె నాకు పాయసం పోసి, "నీవు కూడా పక్కనే నిలబడు నాయనా, ఆయన మాట తడబడితే అందిస్తువు," అంది. ఆ పాయసం నాకు గొంతు దిగలేదు. రెండో గిన్నె తాగాను కానీ, అదీ దిగలేదు.

ఎందుకంటే వచ్చే అధికారి కొత్త చదువు చదివినవాడు. నలుసు సంగతి ఆయనకు తెలుసు. ఆయన వస్తున్నది మెచ్చుకోవడానికో వింత చూడటానికో నాకు అర్థమవుతూనే ఉంది. నలుగురిలో, ఆ బావి గట్టు మీద, మా పెదనాయనను చూసి మద్రాసులో నన్ను చూసి నవ్వినట్టు నవ్వుతాడు.

ఆఫీసులో మా గుమాస్తాకు నా మొహం చూస్తే కడుపులో ఉన్నది తెలిసిపోయేది. "ఏంది బావా, గొంతులో ముల్లు పడిన పిల్లి మాదిరి తిరుగుతుండావు?" అన్నాడు. చెప్పాను.

"చెప్పమాకు," అన్నాడు వెంటనే. "ఆయన రిటైరయ్యేదాకా పురుగును కాళ్ళల్లో నుంచే దూరనీ. నీ సొమ్మేం పోతాది?"

"అధికారి నవ్వితే?"

"నవ్వితే పెద్దాయనకు అర్థం కాదులే."

"అర్థమవుతాది బావా. ఆయనకు అన్నీ అర్థమవుతాయి."

గుమాస్తా పొడుం పట్టు పట్టి తుమ్మాడు.

ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని జరిపి జరిపి, చివరికి అధికారి వచ్చే ముందురోజు దాకా వచ్చాను. ఆ రోజు బావిని ఒకసారి సరిచూసి వద్దామని పెదనాయన నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఎప్పుడూ ముందు కబురంపి పోయే మనిషి, ఆ రోజు తొందరలో కబురంపలేదు. దారిలో కానుగచెట్టు కింద మూట విప్పి రొట్టె సగం విరిచి నా చేతిలో పెట్టాడు. ఆ రొట్టె చేతిలో ఉండగానే చెప్పేశాను. పరీక్షలో నా మీద పడిన నవ్వుతో మొదలుపెట్టి, నలుసు దాకా అంతా.

ఆయన నమలడం ఆపాడు. కాసేపటికి, "ఆ నలుసు కడుపులో పురుగు పిల్ల ఉండేది నీవు చూసినావా?" అన్నాడు.

"చూసినా పెదనాయనా. సూక్ష్మదర్శినిలో చూపించినారు. కదులుతుండాది. చుట్ట చుట్టుకుని, తోక ఆడిస్తా..."

"అబ్బీ."

నేను తల వంచుకున్నాను. "నా వంతు వచ్చినప్పుడు నాకు నా కనురెప్ప వెంట్రుకలే కనపడినయ్. అందరూ చూసినామంటుంటే నేనూ చూసినానంటి."

ఆయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, కానీ ఎక్కువసేపు నిలవలేదు.

"సరే, నీ సారు చూసినాడనుకుందాం. అట్లయితే నాకొక్కటి చెప్పు. తప్పంతా తాగేదాంట్లో ఉంటే కాళ్ళకు ఆముదం రాస్తే ఏమొస్తాది? ఏమీ రాకూడదు. మరి పాలెంలో ఎందుకు తగ్గింది?"

 ఈ మాట మద్రాసు సారును అడగాలని నాకు తట్టనేలేదు. నేను రొట్టె వైపు చూశాను.

"నా బావికి జవాబు చెప్పలేని మాట నాకొద్దు," అని ఆయన లేచాడు. మిగతా దారంతా సైకిలు నడిపించుకుంటూ నాకంటే ముందు నడిచాడు. గొడుగు విప్పలేదు. ఎండలో ఆయన మెడ మీద చెమట కారడం చూస్తూ నేను వెనక నడిచాను. గుమాస్తా మాట వినవలసిందని ఆ దారిలో ఎన్నిసార్లు అనుకున్నానో.

మేం పోయేసరికి బావి దగ్గర ఆడవాళ్ళు కడవలతో ఉన్నారు. అవ్వ కోటు తొడుక్కుని గూటి పక్కన కూర్చుని ఉంది. పది బారల అవతల రాయి మీద ఒక పడుచువాడు కాలు చాపుకుని మూలుగుతున్నాడు. బొబ్బ ఆ రోజే పగిలినట్టుంది.

"అవ్వా, నీ కాల్మొక్కుతా, ఒక్కసారి నీళ్ళల్లో పెట్టనీ. మంట సల్లారతాది," అంటున్నాడు.

"నోర్ముయ్రా. బాయిలో కాలు పెడితే ఇరగ్గొడతా. మీ వదిన ముంచి తెస్తాది, ఆడనే కూకో."

అంతలో మమ్మల్ని చూసి అవ్వ గతుక్కుమని లేచి, "ఒరే, పో, పో, కంప సాటుకు పోరా!" అని వాణ్ణి చేత్తో తోలింది. వాడు పోలేడు కదా. కుంటుతూ లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

పెదనాయన సైకిలు గోడకు ఆనించి, "వాడిని ఎందుకు దాస్తుండావవ్వా?" అన్నాడు.

అవ్వ మొహం చిన్నబోయింది. కోటు బొత్తాములు తడుముకుంది. "తప్పయిపోయింది నాయనా. నీవేమో అందరికీ రాసి దింపమంటివి. నేనీ పుండోళ్ళకు రాయలేదు. మొదటినుంచీ రాయలేదు. గుడ్డ ఒకటే కదా? పుండుకు రాసిన గుడ్డ మేం ముట్టుకోమని ఈ ఆడోళ్ళు నా మీదికి లేసినారు. అందుకని పుండోళ్ళను అసలు దిగనీయకుండా ఆడ కూకోబెడతా. నీవొచ్చే దినం కంప సాటుకు పంపిస్తా. నీ మాట జవదాటినా. ఏమన్నా అను."

పెదనాయన ఆమెను చూశాడు, పడుచువాణ్ణి చూశాడు, బావి మెట్లను చూశాడు. తరువాత నా వైపు తిరిగి, "ఆ బొబ్బ మీద నీళ్ళు పడితే ఏమవుతాదని చెప్పినాడు మీ సారు?" అన్నాడు.

"పిల్లల్ని వదులుతాదంట. పాల మాదిరి కనపడతాదంట."

పెదనాయన ఒకామె కడవలోంచి చెంబుడు చల్లటి నీళ్ళు పోయించుకున్నాడు. పడుచువాడి కాలు కింద మట్టిచిప్ప పెట్టి, బొబ్బ మీద సన్నగా ధార పోశాడు. వాడు "అమ్మా, సల్లగుంది" అని కళ్ళు మూసుకున్నాడు. పుండులోంచి తెల్లగా, పలచటి పాలచుక్కలా ఒకటి జారి చిప్పలో పడింది. మళ్ళీ పోశాడు. మళ్ళీ జారింది.

"దీన్ని నేను నా కాలికే చూసుకున్నా," అన్నాడు పెదనాయన నెమ్మదిగా. "ఎంతమంది కాళ్ళకో చూసినా. చీము అనుకున్నా అబ్బీ. ఇన్నేండ్లు చీము అనుకుని తుడిచేసినా."

ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటున్నట్టు, నాతో కాదు, బావితోనే అన్నాడు. "ఊరి బావిలో పుండోడు దిగుతాడు, మంట సల్లార్చుకుంటాడు. అవన్నీ నీళ్ళల్లో పడతాయి. ఇక్కడ పుండోణ్ణి అవ్వ దిగనీలేదు. నీళ్ళల్లో ఏమీ పడలేదు. అందుకని తగ్గింది." కాస్త ఆగి, "ఆముదం కాదు," అన్నాడు.

ఆ చివరి మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన చెయ్యి పట్టుకుందామనుకున్నాను. పైఅధికారి చెయ్యి పట్టుకోవచ్చో లేదో తెలియక ఆ చిప్పను పట్టుకుని కూర్చున్నాను. వింతేమిటంటే, ఆయన మొహంలో నేను భయపడిన చీకటి లేదు. తప్పిపోయిన ఎద్దు పక్కచేలోనే మేస్తూ కనబడితే రైతు మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. ఆయన బావికి జవాబు దొరికింది. ఆ జవాబు తనది కాకపోయినా, దొరికింది కదా.

ఆయన లేచి పంచె దులుపుకుని ఆడవాళ్ళను పిలిచాడు. "అమ్మా, అందరూ వినండి. ఆముదం రాస్తే పురుగు రాదని నేను చెప్పింది తప్పు. పురుగు తాగే నీళ్ళల్లో నుంచి వస్తాది. పుండున్నోళ్ళు ఎవరూ బావిలో దిగొద్దు. నీళ్ళు మందపాటి గుడ్డ మడతపెట్టి వడగట్టుకుని తాగండి."

 వెనక నుంచి ఒక కోడలుపిల్ల, "ఇన్నేండ్లు మా కాళ్ళు తాగిన ఆముదం ఉంటే కిరిస్మసుకు పాలెమంతా దీపాలు ఎలిగించుకునేటోళ్ళం గదత్తా!" అంది. అందరూ గొల్లుమన్నారు.

"నవ్వండమ్మా, నవ్వండి," అన్నాడు పెదనాయన. తనూ నవ్వాడు.

ఇంకొకామె పట్టు వదల్లేదు. "రేపు ఇంకొక దొరొచ్చి ఇదీ తప్పంటేనో?"

"అంటే అననీ తల్లీ. ఎందుకు తప్పో బావి దగ్గర చూపించమను. చూపిస్తే విను."

అవ్వ మాత్రం నవ్వలేదు. ఆమె కోటు మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. "అయితే కోటు తిరిగియ్యాల్నా నాయనా?" అంది.

పెదనాయన దగ్గరికి పోయి, ఊడిపోతున్న పై బొత్తాము సరిచేశాడు. "కోటు నీదే అవ్వా. నా మాట విని ఉంటే ఈ పాలెంలోనూ ఊళ్ళో మాదిరే మంచాలు నిండేవి. విననందుకే నీకు కోటు."

మరునాడు అధికారి మోటారులో వచ్చాడు. ఆ దుమ్ములో కారు ఏది, మనిషి ఏది తెలియలేదు. వస్తూనే పెదవి చివర నవ్వు సిద్ధం చేసుకుని, "ఏదీ మీ ఆముదం?" అన్నాడు. నేను పక్కనే నిలబడ్డాను, పెద్దమ్మ చెప్పినట్టు. మాట అందించవలసిన పనే పడలేదు.

"ఆముదం నిన్న మధ్యాహ్నం కాలం చేసింది సార్," అన్నాడు మా పెదనాయన. "తమరు సరిగ్గా చూసిపోవడానికి వచ్చినారు." ఆపైన పుండోళ్ళ సంగతి, అవ్వ సంగతి, చిప్ప సంగతి తనకు తెలిసిన క్రమంలో చెప్పాడు. తను ఎక్కడ పొరబడ్డాడో అక్కడ ఆగి మరీ చెప్పాడు. అధికారి పెదవి చివరి నవ్వు ఎప్పుడు జారిపోయిందో నేను చూడలేదు. చివరికి ఆయన టోపీ తీసి, అవ్వకు నమస్కారం పెట్టాడని, పెదనాయనను కౌగిలించుకున్నాడని నేను చాలాచోట్ల చెప్పాను. అలాంటిదేం జరగలేదు. ఎండకు తాళలేక టోపీ తీశాడు. మజ్జిగ అడిగి తాగాడు. "ఊ, మంచిది," అన్నాడు. పోయాడు. పొగడ్త కాగితం ఏదీ రాలేదు.

కొన్నాళ్ళకు మా ఆఫీసుకు ఒక ఉత్తర్వు మాత్రం వచ్చింది. దిగుడుబావుల దగ్గర పుండ్లున్నవాళ్ళను దిగనీయకుండా మనిషిని కాపలా పెట్టాలని, నీళ్ళు వడగట్టించాలని. ఎవరి పేరూ లేదు. పెదనాయన దాన్ని చదివి, "మన అవ్వ మాటే," అని గుమాస్తా చేతికిచ్చాడు. గుమాస్తా నా వైపు చూసి పొడుం డబ్బీ తెరిచాడు.

పాలెంలో ఆముదం ముంత మాత్రం పోలేదు. తరువాత చాలా ఏళ్ళు ఆడవాళ్ళు రాసుకుంటూనే దిగారు. నేను ఒకసారి తీయించబోతే పెదనాయనే వద్దన్నాడు. "పురుగు కోసమని చెప్పొద్దు, అంతే. రాసుకోవడానికి నిలబడితే అవ్వకు వాళ్ళ కాళ్ళు కనపడతాయి కదా." నేనైతే అంత దూరం ఆలోచించేవాణ్ణి కాదు. ఓడిపోయిన సిద్ధాంతాన్ని కూడా ఎండుకట్టెలా పారేయకుండా ఏదో మూల పనికి పెట్టడం ఆయన దగ్గరే చూశాను.

ఉద్యోగం దిగాక ఆయన బేస్తవారిపేట దగ్గరి తన ఊరికి పోయాడు. నేను ఆ వైపు క్యాంపు పడినప్పుడల్లా పోయేవాణ్ణి. వాళ్ళింట్లో కడవ మూతికి మడతలు పెట్టిన తెల్లగుడ్డ కట్టి ఉండేది. మంచినీళ్ళు అడిగితే పెద్దమ్మ నా ముందే మరోసారి వడగట్టి ఇచ్చేది. ఆయన అడిగే మొదటి మాట ఆరోగ్యం గురించి కాదు, నా పిల్లల గురించీ కాదు. "ఇప్పుడేమంటుండారు?" అనేవాడు. అంటే మద్రాసులో కొత్తగా ఏం తేలిందని. దసరాకు కొత్త బట్టల కోసం చూసే పిల్లవాడిలా అడిగేవాడు. తను నమ్మినవి ఇంకేవేవి పోయాయో తెలుసుకోవాలని అంత ఆత్రం.

కడసారి పోయినప్పుడు ఆయన మంచం మీదే ఉన్నాడు. యుద్ధం అయిపోయిన కొత్త. మధ్యాహ్నపు ఎండ చూరు కింద నుంచి ఆయన కాళ్ళ మీద పడుతోంది. మడమలు బీటలు వారి ఉన్నాయి. గూట్లో ముంత ఉందంటే తెచ్చి, కింద కూర్చుని, ఆయన కాలు నా ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాయడం మొదలుపెట్టాను. చీలమండ మీది పాత మచ్చలు నా వేళ్ళకు నున్నగా తగిలాయి.

"పురుగు రాకుండానా?" అన్నాడు.

"పగుళ్ళకు పెదనాయనా."

"అట్లయితే రాయి." కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "చలిజ్వరం గురించి ఇప్పుడేమంటుండారు?"

నాకు హుషారొచ్చింది. అప్పుడే మాకు కొత్త పొడి వచ్చింది, గోడలకు కొట్టేది. అది తగిలిన దోమ బతకదని, రెండు మూడేళ్ళలో నల్లమల అంచున దోమ అనేదే మిగలదని, చలిజ్వరం ఇంక శాశ్వతంగా పోయినట్టేనని మాకు కొత్తగా చెప్పి పంపారు. నేను దానికి ఇంకాస్త నాది కలిపి చెప్పాను. ఆ పొడిని నేనే కనిపెట్టినంత గర్వంగా చెప్పాను.

ఆయన చెవులప్పగించి విన్నాడు. ముసలి కళ్ళు మిలమిలలాడాయి.

"శాశ్వతంగా అన్నారా?"

"అవును పెదనాయనా. శాశ్వతంగానే."

"మంచిది. చాలా మంచిది," అన్నాడు, మనసారా. "అయినా అబ్బీ, నీవు కూడా ఒక ఆముదం ముంత దగ్గర పెట్టుకో."

అని, రెండో కాలు కూడా నా ఒళ్ళోకి చాపాడు.